అరవై సెంటీమీటర్ల వంతెన

మా అమ్మాయి మంగళవారం పోయింది. పొద్దున్న ఏడున్నరకు సైకిలెక్కి వర్క్‌షాపుకు బయలుదేరింది. మలుపు దగ్గర లారీ తగిలింది. నేను తొమ్మిదో తరగతిలో హాజరు తీసుకుంటుంటే ప్యూను వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. లేతు మిషను మీద పనిచేసేది. మూడేళ్ళుగా మా పెరట్లో చిన్న రైలుమార్గం ఒకటి వేస్తోంది. అది గోడ వెంట సాగి, నిమ్మచెట్టును చుట్టి, నీళ్ళ తొట్టి దగ్గర ఆగుతుంది. ఇంజను జానెడు ఎత్తు, మూరెడు పొడవు, బ్యాటరీతో నడుస్తుంది. దారి చివరకొచ్చాక దాన్ని చేత్తో ఎత్తి, వెనక్కి తిప్పి పెట్టాలి. అది ఆమెకు గిట్టేది కాదు.

“చేత్తో ఎత్తితే బొమ్మ నాన్నా. పట్టాల మీదే తిరిగితే ఇంజను” అనేది.

అందుకని తొట్టి పక్కన గుండ్రటి గుంట తవ్వి సిమెంటు చేసింది. గుంట మధ్యలో ఇరుసు, దాని మీద తిరిగే వంతెన. ఇంజను వంతెన మీదికెక్కితే వంతెనే దాన్ని తిప్పుతుంది. గుంటకు అవతల, విసనకర్ర విప్పినట్టుగా ఆరు గదుల షెడ్డు. ఇదీ ఆమె లెక్క. గుంట, తన చేత్తో లేతు మీద తీసిన ఇరుసు, నోటు పుస్తకంలో ఒక బొమ్మ మాత్రం మిగిలాయి.

పై అంతస్తులో మా అక్క ఉంటుంది. ఇల్లు ఇద్దరిదీ. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో హెడ్డు నర్సుగా చేసింది. ఆమె మాట మా ఇంట్లో ఎవరూ కాదనరు. మూడు నెలలు గడిచాక ఒక రోజు కిందికి దిగి వచ్చింది.

“ఒరేయ్, పెరడంతా రాళ్ళు పరిపించేద్దాం. మేస్త్రీతో మాట్లాడేశాను.”

“ఎందుకక్కా?”

“ఎందుకేమిటి! మీ మొగుడూ పెళ్ళాలు వెనక కిటికీ మూసుకుని కూర్చున్నారు. పైనుంచి ఆ గుంటను చూసేది నేనేగా. పళ్ళు తోముకుంటుంటే కనిపిస్తుంది, బట్టలారేస్తుంటే కనిపిస్తుంది. నా వల్ల కావడం లేదురా.”

“నేను పూర్తి చేస్తాను.”

“నువ్వా? బల్బు మార్చమంటే కుర్చీ ఎక్కి, కళ్ళు తిరిగి దిగిపోయినవాడివి!”

“ఈ వేసవి సెలవులయ్యేలోగా ఇంజను తిరుగుతుంది.”

“తిరక్కపోతే?”

“తిరుగుతుంది.”

అక్క మెట్ల వైపు తిరిగింది. “సరే. సెలవుల్లో చివరి ఆదివారం మేస్త్రీ వస్తాడు. ఆలోగా తిరిగితే అతన్ని నేనే పంపేస్తాను. తిరక్కపోతే నువ్వు నోరెత్తకూడదు.”

యాభై ఆరేళ్ళలో నేను అక్కకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

నా భార్య ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఆ మంగళవారం తర్వాత పెరట్లో కాలు పెట్టలేదు. అంట్లు తోమడం కూడా లోపలికి మార్చుకుంది. నేను రంపంతో వేలు కోసుకుని వస్తే, గుడ్డ పీలిక చింపి కట్టేది.

“ఈ వారంలో ఇది మూడోది. కాస్త వేళ్ళు మిగుల్చుకోండి. సుద్దముక్క పట్టుకోవాలిగా” అంది ఒకసారి. పని ఎంతవరకు వచ్చిందని మాత్రం అడగలేదు.

గదికీ గదికీ మధ్య పదిహేను డిగ్రీలని పుస్తకంలో ఉంది. లెక్క నాకు కష్టం కాలేదు, రంపమే కష్టమైంది. సిమెంటు మొదటిసారి పలచనైంది. రెండోసారి నేను ఇటుక ముక్కలు పేర్చేలోపే బిగిసిపోయింది. మూడోసారికి గోడలు నిలిచాయి. వంతెనకు అరవై సెంటీమీటర్ల పొడవు, పన్నెండు వెడల్పు ఉన్న టేకు చెక్క తెచ్చాను. బడిలోంచి నా చెక్క స్కేలు తెచ్చి, వెడల్పుకు మధ్యలో పడేట్టు చెక్క అంచు నుంచి సరిగ్గా ఆరు కొలిచి, ఇరుసుకు రంధ్రం పెట్టాను. పట్టాలను రెండంచులకూ సమానంగా ఉండేట్టు అట్టముక్క అడ్డంపెట్టి బిగించాను. బయటి పట్టాల చివర్లను వాటికి ఎదురుగా కలిపాను.

శనివారం సాయంత్రం అక్క కుర్చీ తెచ్చుకుని పెరట్లో కూర్చుంది.

“కానివ్వు. మా ఫోర్‌మన్ పని ఎంత పాడు చేశావో చూద్దాం.” అమ్మాయిని అక్క ఎప్పుడూ ఫోర్‌మన్ అనే పిలిచేది.

ఇంజను నిమ్మచెట్టు చుట్టి వచ్చింది. వంతెన మీదికి తేలిగ్గా ఎక్కింది. వంతెనను సగం చుట్టు తిప్పాను. ఇంజను ముఖం ఇటు తిరిగింది. ముందుకు పోనిచ్చాను. వంతెన దాటే చోట టక్కుమని ముందు చక్రాలు పట్టా దిగి, ఒక పక్కకు ఒరిగిపోయింది. చూస్తే వంతెన పట్టాలకూ బయటి పట్టాలకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల తేడా. తిప్పకముందు అది లేదు.

“పోనీలేరా” అంది అక్క. ఎగతాళి చేసినా ఓర్చుకునేవాణ్ణి. “చేతనైనంత చేశావు. రేపు మేస్త్రీ వస్తాడు.”

“రానీ. నేను గుంటలో కూర్చుంటాను. రాళ్ళు నా మీద వెయ్యమను.”

“పిచ్చిపిచ్చిగా మాట్లాడకు.”

“మాట్లాడతాను. ఇది నా కూతురు మొదలుపెట్టిన పని. ఎవరొచ్చి పూడుస్తారో చూస్తాను.”

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వెనక తలుపు తెరుచుకుంది. నా భార్య మెడలో టేపుతో పెరట్లోకి వచ్చి, గుంట పక్కన కూర్చుంది.

“జరగండి” అంది నాతో. వంతెనను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. “బట్ట మడిచి కత్తిరించేటప్పుడు మడత రెండు తప్పితే, విప్పాక నాలుగు తప్పుతుంది. మీరు రంధ్రం పెట్టిన చోటు రెండు మిల్లీమీటర్లు తప్పింది. దేంతో కొలిచారు?”

స్కేలు చూపించాను. దాని పక్కన తన టేపు పెట్టింది. ఇరవై ఏళ్ళుగా నల్లబల్లకు ఒరుసుకుని స్కేలు చివర రెండు మిల్లీమీటర్లు అరిగిపోయింది. ఏటా మొదటి పాఠంలో పిల్లలకు నేనే చెబుతానని ఒప్పుకున్నాను: దీని చివర అరిగింది, సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి కొలవండి అని.

“చెప్పేటందుకేనా శ్రీరంగ నీతులు?” అంది నా భార్య.

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే చెంగుతో ముఖం తుడుచుకుంది. “వదినా, మీరు ఆ కుర్చీ ఇటు జరిపి స్క్రూలు పట్టుకోండి. కింద పడితే దొరకవు” అంది నా భార్య. హెడ్డు నర్సు కుర్చీ జరిపి దోసిలి పట్టింది.

వెలుతురు ఉన్నంతసేపు పట్టాలు విప్పాం. తెల్లవారి ఆరింటికి మళ్ళీ కూర్చుని, టేపుతో కొలిచి, వంతెన పట్టాలనూ బయటి పట్టాలనూ రెండేసి మిల్లీమీటర్లు జరిపి బిగించాం. బిగించింది ఆమె. ఆమె చెప్పిన చోట నేను చెక్క పట్టుకున్నాను.

ఎనిమిదింటికి మేస్త్రీ వచ్చాడు. అతను చూస్తుండగానే ఇంజను వంతెనెక్కింది, సగం చుట్టు తిరిగింది, ఎక్కడా తడబడకుండా దిగి నిమ్మచెట్టు వైపు వెళ్ళిపోయింది.

“వెళ్ళిరా నాయనా. ఇక్కడ ఖాళీ లేదు” అంది అక్క.

“రాళ్ళు దింపేశామండీ అమ్మగారూ!”

“దింపినవాళ్ళకు ఎత్తడం రాదా?”

అతను వెళ్ళాక అక్క గుంటలోకి తొంగిచూసి నా వైపు తిరిగింది. “వానొస్తే మీ ఇంజను ఈదుకుంటూ పోతుంది. ఇందులోంచి నీళ్ళు పోయే దారేదిరా?”

నేను దాని సంగతి ఆలోచించలేదు. పుస్తకంలోనూ లేదు.

సోమవారం బడి తెరిచారు. షెడ్డులో ఆరు గదులకు గాను రెండింటికే పైకప్పు ఉంది. తలుపు ఒక్కదానికీ లేదు. గుంటకు గొట్టం ఇంకా వేయలేదు.