దూలానికి ఎద్దు గంట

మిషను నోట్లోకి మూడో బస్తా వంచేసరికి తిప్పయ్య గొంతులో పొట్టు దుమ్ము గడ్డకట్టింది. పక్కకు తిరిగి ఉమ్మాడు. నల్లగా, జిగటగా పడింది. ఆ ఏడూ వాన మొహం చాటేయడంతో సావుకారి నరసింహప్ప ఎక్కడెక్కడి పాత వేరుశెనగ కాయలో తెప్పించాడు. బస్తా విప్పితే బూజు పొగలా లేస్తుంది. ఎనిమిదేళ్లుగా ముదిగుబ్బలోని ఈ మిల్లు గాలే పీలుస్తున్నా ముక్కు దానికి అలవాటు పడలేదు. ఇంటికెళ్లి సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే కంపు.

ఆరడుగుల రెండంగుళాల మనిషి. చేతులు మోకాళ్లదాకా వేలాడతాయి. కుడి మోకాలు ఉబ్బి బెల్లం దిమ్మలా ఉంది. పొద్దున భార్య మారెక్క తన పాత నీలం చీర అంచు చింపి ఆ మోకాలికి చుట్టింది. రెండు మెలికలు తిప్పి కొసను లోపలికి దోపే ముడి. గొర్రెల కాపరులైన పుట్టింట్లో నేర్చుకున్న ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది.

"కదలాకు. గొర్రెపిల్లయినా నీకంటే మేలు" అని తొడ మీద ఒక్కటి వేసింది.

"గొర్రెపిల్లకు ఇంత ముద్దుగా కడతావామ్మే?"

"థూ, సిగ్గులేనోడా" అంది కానీ ముడి వేసిన చోట అరచేయి ఇంకాసేపు ఉంచింది.

ఇప్పుడామె షెడ్డు అవతలి చివర ఆడవాళ్ల వరసలో కూర్చుని విత్తనాలు ఏరుతోంది. మిషనుకు పగలని మూడు గింజల కాయ కనబడితే కొంగున ముడి వేసుకుని సాయంత్రం అతనికి ఇస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ అదొక సరదా.

మధ్యాహ్నం నరసింహప్ప గుమ్మంలో నిలబడి కేక వేశాడు. "ఏమప్పా తిప్పయ్యా! మిషను ఆపు. హిందూపురం నుంచి నూనె యాపారులు వచ్చినారు. కోటు తొడుక్కో."

తిప్పయ్య మిషను ఆపాడు. కోటంటే దేశం జట్టుకు ఆడినప్పుడు ఇచ్చిన కోటు. సిలోనులో వాలీబాలు ఆడినప్పుడూ అదే, పదేళ్ల కిందట బంగ్లాదేశంలో కబడ్డీ ఆడినప్పుడూ అదే. మోకాలు పోయాక ఆటగాడిగా దొరికిన చిన్న కొలువూ పోయింది. ఊరికి తిరిగొచ్చిన రోజున నరసింహప్ప పని ఇచ్చి, "మీ గుడిసెలో ఎలకలు కొడతాయి, ఈడ అద్దాల బీరువాలో పెడతాలే" అని కోటు తీసుకున్నాడు. ఎలకలు బీరువాలోనే కొట్టాయి. మొన్న సావుకారి కొడుకు అది తొడుక్కుని నాటకంలో దొర వేషం కట్టాడు. జేబులో వాడు వక్కాకు నమిలి మూతి తుడుచుకున్న గుడ్డ ఇంకా అలాగే ఉంది. తిప్పయ్య దాన్ని రెండు వేళ్లతో తీసి పారేశాడు.

యాపారులు ముగ్గురు. వేయించిన కాయలు నములుతూ, పొట్టు నేల మీద ఊస్తూ నిలబడ్డారు. ఒకడు వంగి, నూనె వేళ్లతో తిప్పయ్య పిక్క నొక్కి చూశాడు.

"యాడ పట్టినావు నరసింహప్పా ఈ శాల్తీని?"

"జోడు పోయిన ఎద్దు కదిరి సంతలో దొరికినట్ల దొరికినాడులే. రెండాటలు ఆడినాడు దేశానికి! ఏయ్, ఎగురప్పా."

దూలానికి తాడు కట్టి దానికి ఎద్దు మెడ గంట ఏనాడో వేలాడదీశారు. అది సావుకారి ఆలోచనే. తిప్పయ్య ఎగిరి గంట కొట్టాలి, వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టాలి. ప్రతిసారీ అతనికి ఒళ్లంతా మైల పడినట్టుంటుంది. అయినా గంట మోగిన ఆ ఒక్క క్షణం లోపలెక్కడో తియ్యగా ఉంటుంది. తలవెంట్రుకలు నెరిశాయి, పళ్లు కదిలాయి, ఎగురుడు మాత్రం తగ్గలేదు. ఎనిమిదేళ్లుగా ఒక్కసారీ గంట తప్పలేదు. ఎవరికీ చెప్పుకోని గర్వం అదొక్కటే.

రెండడుగులు వేసి లేచాడు. మోకాలు కలుక్కుమంది. పాదాలు నేలను విడిచాయో లేదో! అయినా గంటకు వేళ్ల కొసలు కాదు, అరచెయ్యే తగిలింది. ఖంగుమని మోగింది.

చప్పట్లు. తిప్పయ్య తలెత్తి చూశాడు.

తాడుకీ గంటకీ మధ్య గుడ్డ పీలికలు. ఒకదాని కింద ఒకటి, దుమ్ము పట్టి తాడు రంగులోనే కలిసిపోయాయి. అన్నిటికన్నా కిందది ఇంకా దుమ్ము పట్టని నీలం. రెండు మెలికలు, కొస లోపలికి దోపిన ముడి. దాని పైన, గంట అదురుకు దుమ్ము రాలి బయటపడ్డ ఎర్ర చీర. ఆ పైన పచ్చది, పెళ్లినాటిది. సావుకారి ఏనాడూ తలెత్తి చూసిన మనిషి కాదు. ఊడ్చే వంకతో బస్తాల దొంతర ఎక్కి ఏడాదికో పీలిక కట్టి గంటను అతని చేతికందేలా కిందికి దించుతూ వచ్చిందన్నమాట.

మారెక్క తల వంచుకుని గబగబా గింజలు ఏరుతోంది.

ఈసారి రోత ఎవరి మీదో కాదు, తన మీదే పుట్టింది. ఆడదాని కొంగు పట్టుకుని ఎగురుతూ, వక్కాకు మరకల కోటులో, ఈ నమిలే నోళ్ల ముందు మురిసిపోయాడు.

"ఇంగ కబడ్డీ కూత పెట్టు!" అన్నాడు నరసింహప్ప. "ఆ గోడదాకా పోయి రావల్ల, ఊపిరి తెగగూడదు."

తిప్పయ్య గుండెల నిండా గాలి పీల్చాడు. దుమ్ము గరగరలాడింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." కుంటుకుంటూ నడిచాడు. గోడ దగ్గర ఆగకుండా పక్కకు తిరిగాడు. ఆడవాళ్ల వరస దాటాడు, కాటా దాటాడు.

"ఆ పక్క కాదప్పా!"

కూత ఆగలేదు. ఎండలోకి వచ్చాడు. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. గేటు కింది ఇనుప పట్టీ దాటి రోడ్డు మీద కాలు పెట్టాకే ఊపిరి వదిలాడు.

"కోటు! రేయ్, కోటు!" అని వెనకనుంచి సావుకారి అరుపు.

మారెక్క లేచి ఒళ్లో పొట్టు దులుపుకుంది. పక్కనున్న చౌడమ్మ, "యాడికే?" అంది.

"ఆయప్ప యాడికి పోతే ఆడికి."

రోడ్డు మీద అతన్ని అందుకుంది. తిప్పయ్య దగ్గుతూ నిలబడి ఉన్నాడు.

"ఎందుకు కట్టినావ్‌మ్మే?"

"గంట మోగిన దినం నువ్వు నవ్వుకుంటా ఇంటికొస్తావుంటివి. ఆ నవ్వు పోతాదని. తిట్టాలంటే తిట్టు" అంది.

తిట్టలేదు. "రేపటికి ఎట్ల?" అన్నాడు.

"కుందుర్పిలో మా అన్నకు గొర్లుండాయి. అవి నిన్ను ఎగరమనవులే." కొంగు విప్పి మూడు గింజల కాయ అతని చేతిలో పెట్టింది.

ఇద్దరూ బస్సు ఆగే చోటికి మెల్లగా నడిచారు.

మిల్లులో మిషను మళ్లీ తిరిగింది. లేచిన దుమ్ములో దూలం కింద గంట ఇంకా కొద్దికొద్దిగా ఊగుతోంది, దాని మీది నీలం పీలిక అప్పుడే తాడు రంగుకు తిరుగుతోంది.