ఛాతీ ఎత్తు కొలత

మూడో దెబ్బకు అతని భుజం ఎముక విరిగింది. నాలుగోది అవసరం లేదని అటవీ గార్డుకు తెలుసు, అయినా కొట్టాడు. తరువాత అతణ్ణి నలభై ఏడో నంబరు చెట్టుకు నిలువునా కట్టేశాడు.

అతని నేరం రెండు కొమ్మలు. ఒరిగిపోతున్న ఇంటికప్పుకు ఊతం పెట్టుకుందామని నరికాడు. అతని తాతా తండ్రీ అక్కడే నరుక్కున్నారు. కాని రెండేళ్ళ క్రితం ఆ అడవి దేశం లెక్కల్లోకి ఎక్కింది. దూరాన కర్మాగారాలు వదిలే పొగలో ఇంత భాగాన్ని ఈ చెట్లు పీల్చుకుంటున్నాయని ప్రభుత్వం రాసుకుంటుంది. తగ్గిస్తానని ప్రపంచానికి మాటిచ్చిన పొగలో ఆ మేరకు తగ్గించేసినట్టే జమకట్టుకుంటుంది. కర్మాగారం ఆగనక్కరలేదు. చెట్టు మాత్రం కదలకూడదు. చెట్ల మధ్య బతికే మనుషులకు ఆ లెక్కలు రాసే ఫారంలో గడి లేదు.

అతని వదిన ఆ అడవిలోనే రోజుకు మూడు వందల కూలికి చెట్ల చుట్టుకొలత తీస్తుంది. నలభై ఆరో చెట్టు ముగించి, టేపు చేతబట్టుకుని ఆగిపోయింది.

"నిలబడ్డావేం? సాయంత్రానికి యాభై చెట్లూ అయిపోవాలి," అన్నాడు రేంజరు.

"వాణ్ణి విప్పండయ్యా, కొలుస్తాను."

"జీపు వచ్చేదాకా విప్పేది లేదు. అలాగే కొలువు."

"ఛాతీ ఎత్తునే కొలవాలని మీరే నేర్పారు. అక్కడ మా మరిది ఛాతీ ఉంది."

మరిది నెత్తురు ఉమ్మి నవ్వబోయాడు. "నన్నూ కలిపి కొలిచెయ్యి వదినా. సారుగారి అడవి కాస్త ఒళ్ళు చేస్తుంది."

గార్డు లాఠీ మొనతో అతని నోట్లో పొడిచాడు. రెండు పళ్ళు ఆకుల మీద రాలాయి.

రేంజరు, పక్కనే ఫారాలు పట్టుకుని నిలబడ్డ గుమాస్తా వైపు తిరిగాడు. "పోయినేటి అంకెకు రెండు సెంటీమీటర్లు కలిపి రాసెయ్యి. ఈమె వేలిముద్ర తీసుకో."

కొలిచిన మనిషి వేలిముద్ర లేనిదే ఫారం చెల్లదు. గుమాస్తా తలెత్తకుండా అంకె వేసి, ఇంకు డబ్బా మూత తీశాడు.

"నేను కొలవలేదు. వెయ్యను," అందామె.

"రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు."

"రాను లెండి. వాణ్ణి విప్పండి."

గార్డు ఆమె జుట్టు పట్టి నేలకు లాగి, మణికట్టు మీద బూటు పెట్టాడు. ఆమె బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది. అతను ఒక్కొక్క వేలే వెనక్కి విరవసాగాడు. చిటికెన వేలు. ఉంగరపు వేలు. గుమాస్తా ఇంకు డబ్బా పట్టుకుని పక్కన వంగాడు.

ఆమె మిగిలిన రెండు వేళ్ళు బొటనవేలిని ఇంకా కప్పే ఉన్నాయి.