అరిగిన చోటు

మా చెల్లెలు వ్యాను అమ్మేయాలని నిశ్చయించుకున్నదని తెలిసి, నా మీటర్లు రెండూ సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నేను యంత్రవిభాగంలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కారణం తేలకుండా ఏ యంత్రాన్నీ తప్పుపట్టరాదన్న నియమం నాకు ఉద్యోగంతో పాటు పోలేదు.

ఆ వ్యాను మా బావది, అంటే చెల్లెలి భర్తది. చాలా ఏళ్ళు తిరిగిన డీజిల్ బండి. కొండమీది ఆసుపత్రికి రోగులను చేరవేయడం ఆయన వృత్తి. గత ఏడాది జబ్బుచేసి, ఇంట్లోనే, మంచం మీదనే పోయాడు. ఆ పనిని ఆయన కూతురు అందుకున్నది. ఆమె తీసుకువెళ్ళేది కిడ్నీ రోగులను. రక్తశుద్ధి, అంటే డయాలిసిస్, ఒక విడత తప్పితే ప్రాణం మీదికి వచ్చేవాళ్ళను. అటువంటివాళ్ళతో కొండెక్కుతుండగా, ఎప్పుడూ ఒకే మలుపు దగ్గర బండి నీరసించిపోతున్నది. ఎంత తొక్కినా ఇంజను పలకదు. వెనక లారీలు, పక్కన లోయ. తాళంచెవి తిప్పి ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు కదులుతుంది. గ్యారేజీవాళ్ళు ఫిల్టర్లు మార్చారు, డీజిల్ పంపు విప్పి బిగించారు. ఫలితం లేకపోయింది.

"పిల్ల ఈ బండి నడపడం ఆయనకి ఇష్టం లేదన్నయ్యా," అన్నది చెల్లెలు. "సరిగ్గా అక్కడికి రాగానే కాలు తీసేస్తున్నారు."

"ఎవరు తీసేస్తున్నారు?"

"నన్నడుగుతావేంటి? ఇన్నేళ్ళు ఆ బండి నడిపిందెవరు?"

మేనకోడలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి జడ అల్లుకుంటున్నది. "నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిందే నాన్న. ఇప్పుడొచ్చి వద్దంటాడా?"

"నేర్పింది ఖాళీ మైదానంలో. ఆ కొండమీద కాదు."

"అయితే రోగుల్నందర్నీ మైదానంలో దింపేసి వస్తాలే."

"చూశావా అన్నయ్యా, దీని నోరు. అచ్చు ఆయనదే."

చెల్లెలు నవ్వుతూనే అన్నది గాని, కళ్ళలో భయం పోలేదు. మొగుడు పోయాడు, మిగిలింది ఒక్కతే పిల్ల. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు. అందుకే మాట స్పష్టంగా చెప్పాను: కారణం తీగల్లో ఉంటే చూపిస్తాను, చూపించలేకపోతే బండి అమ్మేద్దాం, చూపించిన తరువాత మాత్రం పిల్లకు అడ్డు చెప్పరాదు.

"తీగల్లో లేకపోతే?" అని అడిగింది.

"అన్నీ తీగల్లోనే ఉంటాయి," అన్నాను. ఆమె సరేనని మాట ఇచ్చింది.

వెలుతురు బాగున్న వేళ చూసుకుని నేనూ మేనకోడలూ బండి ఉన్న రేకుల షెడ్డులోకి వెళ్ళాము. ఇటువంటి బండిలో యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజనుకూ మధ్య ఇనుప తీగ లాగుడు ఉండదు. పెడల్ మొదట్లో ఒక సెన్సర్ ఉంటుంది. కాలు ఎంత దిగిందో అది రెండు వేరువేరు తీగల మీద కంప్యూటరు పెట్టెకు చెబుతుంది. ఒక తీగ చెప్పేది రెండో తీగ చెప్పేదానికి రెట్టింపు ఉండాలి. ఆ లెక్క తప్పి కాసేపు అలాగే ఉంటే, పెట్టె రెండు మాటలనూ నమ్మడం మానేసి, ఇంజనును ఒకే మందగతిలో ఉంచుతుంది. కోర్టులో సాక్షులిద్దరూ చెరో మాట చెబితే కేసు కొట్టేసినట్టే.

తాళంచెవి తిప్పి, ఇంజను వేయకుండా, రెండు తీగలకూ చెరో సూది మీటరు తగిలించాను. తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పెడల్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కాను. సూదులు రెండూ పొందికగా లేచాయి. మూడోవంతు దగ్గరికి వచ్చేసరికి ఒక సూది, చీకట్లో మెట్టు తప్పినట్టు, దభాలున కిందపడి మళ్ళీ లేచింది. వెనక్కి వదిలాను. అదే చోట పడింది. తీగలు కదిపి చూశాను, కనెక్షన్లు తుడిచి చూశాను. మార్పు లేదు. వేలు అక్కడే ఆపి ఉంచితే సూది అడుగున పడి, ఉండుండి సన్నగా వణికేది. సీట్లో ఎవరూ లేరు. అయినా నా చేతికి ఆ పెడల్, కింద ఇంకో పాదం ఆనుకుని ఉన్నట్టు, కొద్దిగా ఎదురొత్తినట్టు తోచింది. స్ప్రింగు బిగువు అనుకున్నాను. అది స్ప్రింగు బిగువే.

కొత్త సెన్సరు తెప్పించి బిగించిన తరువాత, పాతదాని మూత కోసి చూశాము. లోపల నల్లని పూత పట్టీ; పెడల్‌తో పాటు ఒక లోహపు ముల్లు దానిమీద రాసుకుంటూ జరుగుతుంది. ఎవరు నడిపిన బండిలోనైనా అది ఈ కొస నుంచి ఆ కొసకు సమంగా అరుగుతుంది. ఇందులో పట్టీ అంతా కొత్తదానిలా నిగనిగలాడుతున్నది, ఒక్కచోట తప్ప. అక్కడ పూత పూర్తిగా పోయి, తెల్లని సన్నని గాడి మిగిలింది.

నాకు అర్థమైంది. మా బావకు తన కాలి నిలకడంటే మహా గర్వం. కొండ మొదట్లో పెడల్ మీద ఒకచోట కాలు పెడితే కొండ కొసన గాని కదిపేవాడు కాదు. నేను నడిపినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు: "బావగారూ, మీ బండెక్కితే జనం అన్నిటికీ ఒప్పుకోవాల్సిందే. వద్దన్నా తలలు ఊగుతాయి." ఏళ్ళ తరబడి ఆ పాదం ఒకేచోట ఆగి ఆగి, ఆ చోటునే తినేసింది. ఊరి రోడ్లమీద పిల్ల కాలు ఆ చోటును దాటిపోతూ ఉంటుంది కనుక పెట్టెకు అనుమానం రాదు. ఆ మలుపులో మాత్రం వాలును బట్టి పెడల్‌ను అక్కడే పట్టి ఉంచక తప్పదు.

ఇదంతా చెల్లెలికి చెప్పి, గాడిని చూపించాను. ఆమె చూపుడువేలితో ఆ గాడిని ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది.

"అయితే ఇది ఆయన కాలేగా," అన్నది.

"అరుగుదల," అన్నాను.

"నేనూ అదే అంటున్నా."

మాట ఇచ్చింది కనుక అడ్డు చెప్పలేదు. అయితే రోగులను ఎక్కించుకునే ముందు ఖాళీ బండితో ఒకసారి కొండెక్కి చూడాలని నేనే అన్నాను. మీటర్లు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని పిల్ల పక్కన కూర్చున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు. వాలు ఎక్కేంతసేపూ సూదులు రెండూ ఆమె కాలితో కలిసి లేచి పడుతున్నాయి. నేను సంతృప్తిగా ఏదో అనబోయాను. మలుపు వచ్చింది. ఇంజను గొంతు దిగింది.

"మళ్ళీ, మామయ్యా."

సూదులను చూశాను. పడిపోలేదు. రెండూ ఒకే పొందికలో, మెత్తగా, సున్నాకు దిగుతున్నాయి. సెన్సర్ నిజమే చెబుతున్నది. తల వంచి కిందికి చూశాను. మేనకోడలి పాదం పెడల్ మీద లేదు. పక్కకు జరిగి, పెద్దవాళ్ళు వస్తే కుర్చీలో జాగా ఇచ్చినట్టు, ఒద్దికగా నేలమీద ఆని ఉన్నది.

"కాలు తీశావేమ్మా?"

"తియ్యలేదు మామయ్యా. తొక్కే ఉన్నా," అని, తనూ కిందికి చూసి, గబుక్కున బ్రేకు తొక్కింది.

బండిని పక్కకు ఆపించాను. ఇన్నాళ్ళ భయం కాలికి అలవాటైపోయిందని, అందులో వింత లేదని చెప్పాను. చెప్పినదానికి రుజువుగా నేనే స్టీరింగు ముందు కూర్చుని, బండిని వెనక్కి దింపి, మళ్ళీ మలుపుకు తెచ్చాను. మీటర్లు ఇప్పుడు ఆమె ఒళ్ళో ఉన్నాయి.

నేను నడిపితే బండి కుదుపుతుంది. అది అందరూ ఎరిగినదే. మలుపులోకి రాగానే నా పాదం మూడోవంతుకు దిగి ఆగింది. నేను ఆపలేదు. ఇంకొంచెం తొక్కుదామని ప్రయత్నించాను. అరికాలి కింద మెత్తని వెచ్చదనం. బండి, నిండుకుండ మోస్తున్నట్టు, ఒక్క కుదుపు లేకుండా మలుపంతా ఎక్కింది.

"సూదులు కదలట్లేదు మామయ్యా," అన్నది పిల్ల చిన్నగా. "బొమ్మ గీసినట్టున్నాయి. నువ్విట్లా నడపవు."

"నడపను," అన్నాను.

పైన చదునులో ఆపి దిగాను. తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాను. బండి అమ్మించాలా? ఇచ్చిన మాట ప్రకారం కారణం తీగల్లో చూపించాను. బాగు కూడా చేశాను. కాని చెల్లెలు నన్ను అడిగింది తీగల గురించి కాదని, ఆ పిల్ల క్షేమంగా దిగివస్తుందా అని మాత్రమేనని అప్పుడు తెలిసింది. అమ్మేద్దామని చెప్పడానికే నోరు తెరిచాను.

"తాళాలు ఇటివ్వు మామయ్యా."

"వద్దమ్మా."

"ఇంకొక్కసారి. ఈసారీ అట్లాగే అయితే నేనే అమ్మతో చెప్తా, అమ్మెయ్యమని."

ఇచ్చాను. కిందికి దిగి మళ్ళీ ఎక్కాము. మలుపు మొదట్లో ఆమె పాదం కదిలి పక్కకు జరగబోవడం నేను చూశాను. ఆమె కూడా చూసింది. కళ్ళు రోడ్డు మీదికి తిప్పి, అన్నం దగ్గర గిన్నె జరపమన్నంత మామూలుగా అన్నది:

"నాన్నా, కాలు తియ్యి. నేను తొక్కాలి."

ఒక క్షణం సూదులు మూడోవంతు దగ్గర నిశ్చలంగా నిలిచాయి, ఆమె పాదం ఇంకా గాలిలో ఉండగానే. తరువాత సున్నాకు దిగాయి. ఆమె తొక్కింది. సూదులు లేచి, ఊగి, ఎక్కువై, తక్కువై, పడుచుకాలి తొందరలన్నీ చూపిస్తూ ఆడసాగాయి. బండి కుదుపుతూ, గునుస్తూ మలుపు దాటింది.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు గేటు దగ్గరే ఉన్నది. వీధి మొగలోనే ఇంజను చప్పుడు విన్నదట.

"నడిపింది ఇదేనా?"

"అమ్మాయే," అన్నాను. "బండి అమ్మనక్కర లేదు."

"తెలుస్తూనే ఉందిలే. ఆయన చప్పుడు కాదిది." పిల్లను దగ్గరికి తీసుకుని, నుదుటి చెమట కొంగుతో తుడిచింది. తరువాత బండి వైపు తిరిగి, ఖాళీ సీటును చూస్తూ నన్ను అడిగింది.

"ఇంక రారు కదన్నయ్యా?"

మీటర్ల తీగలు చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఆమె పిల్లకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.