ముక్కుపుడక చేపకు తరవాణి

మా ఆవిడ అప్పలనరసమ్మ రోజూ పొద్దున్నే చెరువులో చెంబెడు తరవాణి పోస్తుంది. పెళ్ళయి శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చిన ఏడాది నుంచీ అంతే. గంజి పులియబెట్టిన ఆ నీళ్ళు మా ఇంటి కుండలో ఎప్పుడూ ఉంటాయి. వాసన పక్క క్వార్టరు దాకా పోతుంది. రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరుగా పర్మినెంటయ్యాక నేను దాన్ని ముట్టుకోవడం మానేశాను. నలుగురూ టీ తాగేచోట తరవాణి తాగుతానంటే నామోషీ.

"ఎందుకే ఆ చేపలకి?" అంటే, "వచ్చిన కొత్తల్లో నాకు హిందీ రాదు గదా. నువ్వు డూటీకి పోతే నాను తెలుగులో మాటాడింది ఈటితోనే మావా" అనేది. చిటికెన వేలంత చేపలు, మూతిమీద బంగారు చుక్క. ముక్కుపుడక చేపలని ఆమే పేరు పెట్టుకుంది.

1988లో మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనకున్న ఆ చెరువును పూడ్చి గోదాములు కడతామన్నారు రైల్వేవాళ్ళు. గట్టుమీదికి మట్టి లారీలు వచ్చేశాయి. అప్పుడే కాలేజీ నుంచి, చేపల మీద పరిశోధన చేసే సుభద్ర మేడమ్ దిగింది. మూతిమీద చుక్కున్న ఆ చేప ప్రపంచంలో ఈ ఒక్క చెరువులోనే ఉందట. చదువుకున్నవాళ్ళెవరి కంటా పదేళ్ళుగా పడలేదట. శుక్రవారం లోపల ప్రాణంతో చూపిస్తే పూడిక ఆపుతామని ఆఫీసువాళ్ళు మాటిచ్చారట. ఆమె మూడు రోజులు నడిచెరువులో వలలు లాగించింది. ఒక్కటీ పడలేదు.

గురువారం షాపులో విన్న ఈ సంగతి సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"నాను పిలిస్తే వస్తాయి. మేడమ్‌కి చెప్పు."

చెప్పాను. అక్కడితో ఊరుకుంటే నేను దానయ్యనెలా అవుతాను? "పెద్దోళ్ళొస్తారు. ఆ కంపు కుండ తేకు. కొత్త గంజి కాసి స్టీలు గిన్నెలో తే" అని మా ఆవిడతో అన్నాను. ఆమె నా మొహం ఒకసారి చూసి సరేనంది.

శుక్రవారం పొద్దున మేడమ్, ఆఫీసరు, లారీ డ్రైవర్లు, సగం కాలనీ గట్టుమీదే ఉన్నారు. అప్పలనరసమ్మ బట్టలుతికే రాయి దగ్గర మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. గిన్నెను రాతికి మూడుసార్లు తట్టి గంజి పోసింది. ఏమీ రాలేదు. మళ్ళీ పోసింది. ఆఫీసరు వాచీ చూసుకుని, "బస్, హో గయా?" అని, ఇక అయిపోయిందా అన్నట్టు నవ్వాడు. ఒక డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఆరేళ్ళలో పదిమందిలో ఏడవని మనిషి. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు చేపలది కాదు, ఆమెది కాదు, నాది.

ఒకటే పరుగు. ఇంట్లోకి పోయి తరవాణి కుండ మూతిమీద చెంబు బోర్లించి నెత్తికెత్తుకున్నాను. పులిసిన నీళ్ళు యూనిఫాం మీదికి కారుతున్నాయి. "దానయ్య భయ్యా, క్యా హువా?" అని ఎవరో అడిగారు. "హటో! హటో!" అని అరుచుకుంటూ వచ్చి నీళ్ళలోకి దిగాను.

"ఇదిగోనే. ఇప్పుడు పిలువు."

ఆమె చెంబుతో రాతిని తట్టింది. "రండమ్మా, నా తల్లులారా, రండి" అంటూ పోసింది. ముందు ఒకటి వచ్చింది. తర్వాత పది. ఆ తర్వాత ఆమె కాళ్ళ చుట్టూ ఎక్కడ చూసినా బంగారు చుక్కలే. సుభద్ర మేడమ్ చీర తడుస్తుందని కూడా చూసుకోలేదు. నీళ్ళలోకి దూకి, "జిందా హై! జిందా హై!" బతికే ఉన్నాయంటూ మా ఆవిడను కావలించుకుని ఏడ్చింది. గట్టంతా ఈలలు. ఆఫీసరు అక్కడే నిలబడి పని ఆపే కాగితం మీద సంతకం పెట్టాడు. లారీలు తెచ్చిన మట్టితోనే వెనక్కి తిరిగాయి. నా గుండె పట్టలేనంత సంతోషం.

అప్పలనరసమ్మ కుండలోకి తొంగి చూసింది. "అడుగున కొంచెం మిగిలింది మావా. ఏటి సేద్దాం?"

అందరూ మావైపే చూస్తున్నారు. నేను దోసిలి పట్టాను.

"పొయ్యవే. చేపలకున్న పాటి బుద్ధి నాకూ వచ్చింది."