కదిలిన ఊలు

ఆ గదిలో గట్టిగా మాట్లాడినా తప్పే, కూర్చున్న చోట కాలు కదిపినా తప్పే. మధ్యలో మంచమంత ఉక్కు బల్ల, దాని కింద గాలి నింపిన నాలుగు స్కూటరు ట్యూబులు. ఎందుకయ్యా అంటే, వీధిలో లారీ పోతే ఆ అదురు బల్ల మీదికి ఎక్కకూడదట. హోలోగ్రాము అంటే లేజరు వెలుగుతో వస్తువు లోతుతో సహా కనిపించేలా గాజు మీద తీసే బొమ్మ; అది తీసేటప్పుడు వస్తువు వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా గాజు మీద పడదు మరి.

ఆమెది స్టిక్కర్ల ప్రెస్సులో పని. మందు డబ్బాల మీద అంటించే మెరుపు ముద్రలు కోసే మిషను దగ్గర పదేళ్లు నిలబడింది గానీ, ఆ మెరుపు ఎక్కడ పుడుతుందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ప్రెస్సువాళ్లు పది రోజుల శిక్షణకు పంపితే వచ్చింది. ఆఖరి రెండు రోజులు ఎవరికి నచ్చిన వస్తువు వాళ్లు తీసుకోవచ్చు. మనిషికి రెండు గాజు పలకలు, అంతే.

తనతోపాటు నేర్చుకోవడానికి వచ్చిన, గడియారాలు బాగుచేసే పెద్దాయన ఇత్తడి చక్రం తెచ్చాడు. ఆమె సంచీలోంచి సగం అల్లిన ఊలు టోపీ తీసింది, సూదులతో సహా.

"ఇదేంటమ్మాయ్, పిట్టగూడు పట్టుకొచ్చావా?" అన్నాడాయన.

"మా అక్కది బాబాయ్. పూర్తి చెయ్యకుండానే పోయింది."

ఆయన నాలిక కరుచుకుని తన చక్రాన్ని పక్కకు జరిపి చోటిచ్చాడు.

అక్క ఆసుపత్రి మంచం మీద కూతురికని మొదలుపెట్టిన టోపీ అది. పదకొండు వరసలయ్యేసరికి చేతులు ఆగిపోయాయి. లారీ తోలే బావ వారానికోసారి ఇంటి మొహం చూస్తాడు కాబట్టి ఆరేళ్ల పిల్ల పిన్ని ఒళ్లోకే చేరింది. ఆ టోపీ బుగ్గ కింద ఉంటేగానీ కన్ను మూయదు. సూదుల కొనలకు పిన్ని బిరడా ముక్కలు గుచ్చింది సరే, ఊలు ఊడకుండా ఎవరాపగలరు? పొద్దున లేచేసరికి కాస్త కాస్త పోగు బయటికి వచ్చేది. పదకొండు వరసలు ఏడయ్యాయి. "నువ్వే మళ్లీ అల్లెయ్యరాదూ?" అన్నారు ప్రెస్సులో. అల్లడం రాక కాదు. అక్క అల్లిక బిగువు, తనది వదులు. అది ఉత్త దారం ఉండ అయిపోకముందే గాజులో నిలబెట్టెయ్యాలని ఆమె ఆరాటం.

మొదటి పలక పెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టారు. లేజరుకు అడ్డుపెట్టిన నల్ల అట్ట పది సెకన్లు ఎత్తి దించారు మాస్టారు. మందునీళ్లలో ముంచి, కడిగి, ఆరబెట్టి దీపం కింద పట్టుకుంటే గాజు లోపల రెండు ఉక్కు సూదులు చెయ్యి పెడితే అందేలా నిలబడ్డాయి. వాటికి వేలాడాల్సిన చోట మాత్రం టోపీ ఆకారంలో చీకటి.

"మెత్తటి వాటితో ఇదే తంటా," అన్నారు మాస్టారు. "మన కంటికి ఆనదు గానీ ఊలు పోగు సర్దుకుంటూనే ఉంటుంది. కదిలిందల్లా నల్లబడుతుంది. గంజి పెట్టి, కర్రలా బిగిశాక తీసుకురండి."

"పిల్ల పడుకునేది దీంతోనే సార్."

"మీకు మిగిలింది ఒకటే పలకమ్మా. ఆలోచించుకోండి."

"ఒక్క రోజు ఇవ్వు తల్లీ, అమ్మ టోపీ ఎప్పటికీ ఊడకుండా చేసిస్తా," అని ఆ సాయంత్రం ఇంట్లో పిల్లను ఒప్పించింది. గంజి మాట మాత్రం చెప్పలేదు. ముంచబోతూ ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. అక్క చేతి నూనె వాసన, ఆసుపత్రి సబ్బు వాసన. కడిగితే పోయే గంజే కదా అనుకుని ముంచేసింది.

మర్నాడు తీసిన రెండో పలక అద్దంలా వచ్చింది.

"అమ్మాయ్, తల వంచి చూడు! సూది వెనకాల వరస కూడా కనిపిస్తోంది," అన్నాడు పెద్దాయన.

చూసింది. ఐదో వరసలో అక్క చెయ్యి వణికి పోగు మెలిపడిన చోటు కూడా ఉంది. ఆమె పలకను కొంగులో చుట్టుకుంది.

సాయంత్రం ఇంటికెళ్లి కిటికీ ఎండలో పట్టుకుంటే పిల్ల కళ్లింత చేసుకుని గాజు వెనక్కి చెయ్యి పోనిచ్చింది.

"ఏదీ?"

"చూసుకోవడానికే తల్లీ, చేతికి అందదు."

"మరి నాది?"

గంజి టోపీ ఇచ్చింది. పిల్ల చెంపకు ఆనించుకుని వెంటనే తీసేసింది. "గీసుకుంటోంది పిన్నీ." వాసన చూసింది. "ఇది అమ్మది కాదు."

గోరువెచ్చని నీళ్లలో మూడుసార్లు జాడించి పిండింది పిన్ని. మెత్తదనం తిరిగొచ్చింది. పిల్ల మళ్లీ వాసన చూసి, దాన్ని పిన్ని చేతిలోనే పెట్టేసింది. బావురుమన్నా బాగుండేది.

కాసేపటికి పిల్ల తనే పిన్ని సంచీ కెలికి మొదటి పలక పైకి తీసింది.

"ఇదేంటి, నల్లగా?"

"అది చెడిపోయిందమ్మా. తీసేటప్పుడు టోపీ కదిలింది."

పిల్ల దాన్ని ఎండకేసి అటూ ఇటూ తిప్పింది.

"అప్పుడు దానికి వాసన ఉందా?"

పిన్ని "ఉంది" అంది.

"అయితే నాకిదివ్వు."

ఆ పలకను తీసుకెళ్లి దిండు పక్కన గోడకు ఆనించుకుంది. మంచి పలక పిన్ని చేతిలోనే ఉండిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి, తడి టోపీని తీగ మీద ఆరేసింది. నీళ్లు కారుతున్న అంచున ఇంకో వరస మెల్లగా జారుతుంటే చూస్తూ నిలబడింది గానీ, చెయ్యి అడ్డం పెట్టలేదు.