తొమ్మిదో ఫారం

నాకు అన్నిటికంటే పెద్ద భయం నా పాప నా కంటికి కనబడనిచోట ఏడవడం. చీకటంటే భయం లేదు, ఆకలంటే కొద్దిగానే ఉంది, ప్రెస్సు ఓనరమ్మంటే చాలా ఉంది. కానీ ఇవన్నీ కట్టగట్టి ఒక పక్కన పెట్టినా ఆ మొదటి భయం బరువుకు తూగవు.

కారణం చెబుతాను, రెండు ముక్కల్లో. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ నన్ను పక్కింట్లో కూర్చోబెట్టి, కిరసనాయిలు తెచ్చుకుని గంటలో వస్తానని వెళ్లింది. ఆ గంటలోనే వీధులు మూసేశారు. ఆమె మూడు రోజుల తర్వాత వచ్చింది. ఆ మూడు రోజులూ నేను ఏడ్చానట, తర్వాత గొంతు పోయి ఏడుపు ఆపానట. సర్కారుకూ కొండల్లోని తుపాకీలవాళ్లకూ మధ్య ఆ గొడవలు పదకొండేళ్లు సాగాయి. నేను ఏడో తరగతిలో ఉండగా మా బడిలో సిపాయిల్ని దింపారు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లేసరికి నేను కాగితాలు మడతపెట్టే పనిలో కుదురుకున్నాను. అలా నా చదువు ఏడో తరగతి గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఇప్పుడు నేను పనిచేసేది ప్రెస్సు మేడ మీద, బైండింగ్ గదిలో. మా ఆయన లారీ మీద వెళితే మూడు వారాలకొకసారి కనబడతాడు, అదీ నిద్రపోతూ. అందుకని పాప నాతోనే ఉంటుంది. కాగితం రీళ్లు వచ్చిన పెద్ద అట్టపెట్టెలో కత్తిరింపు ముక్కలు పరిచి, పైన దుప్పటి వేసి కూర్చోబెడతాను. రాజకుమార్తెలకు కూడా అంత మెత్తటి ఆసనం ఉండదని మా బైండర్ మామయ్య అంటాడు. ఓనరమ్మ దీనికి ఒప్పుకున్నది ఒకే ఒక్క షరతు మీద. "ఒక్క ఫారం తప్పినా పాప ఇంటికెళుతుంది. నువ్వుంటావో, నువ్వూ వెళతావో నీ ఇష్టం," అంది. ఇంటి దగ్గర ఎవరున్నారని వెళుతుంది? తాళం ఉంది.

ఫారం అంటే పదహారు పేజీలు. పెద్ద కాగితాన్ని మడిచి, చెక్క బద్దతో నొక్కితే ఒక ఫారం. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా ఫారాలు వరసగా పేర్చి కుడితే ఒక పుస్తకం. వరస తప్పకుండా మడత వీపు మీద నల్లటి చిన్న గళ్లు అచ్చువేస్తారు, ఒక్కో ఫారానికి ఒక్కో మెట్టు కిందికి. పేర్చాక వీపు చూస్తే మెట్లు చక్కగా దిగాలి. దిగితే పుస్తకం సరిగ్గా ఉన్నట్టే. లోపల ఏముందో మాకెందుకు? మామయ్య ముప్పై ఏళ్లలో కొన్ని వేల పుస్తకాలు కుట్టాడు, ఒక్కటి కూడా చదవలేదు. వంటవాడు తినకూడదని ఆయన సిద్ధాంతం.

ఈ సంవత్సరం మా ప్రెస్సుకు రెండు పుస్తకాలు ఒకేసారి వచ్చాయి. రెండూ ఆ పదకొండేళ్ల గొడవల గురించే. ఒకటి రాసింది అడవి తాత. తుపాకీ పట్టుకుని కొండల్లో తిరిగి, జైల్లో కూర్చుని, ఇప్పుడు మూడో అంతస్తులో ఒక గదిలో పుస్తకాల మధ్య ఉంటున్నాడు. రెండోది రాసింది టోపీ తాత. ఆయన్ని పట్టుకోవడానికి అవే కొండల్లో తిరిగిన ఆఫీసరు. ఉద్యోగం పోయినా టోపీ పోలేదు. ఈ పేర్లు మేం పెట్టుకున్నవే, వాళ్ల ముఖం మీద అనలేదు. ఇద్దరూ ఎదురుపడకుండా ఓనరమ్మ ఒకరికి ప్రూఫులు పొద్దున, ఇంకొకరికి మధ్యాహ్నం చూపించేది. ఒకరోజు మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరూ గోడ వైపు తిరిగి, ఏదో సున్నం బాగుందో లేదో చూస్తున్నట్టు నిలబడ్డారు. ఎవరు ముందు కదలాలో తెలియక పావుగంట అలాగే ఉన్నారు. చివరికి నేను వెళ్లి ఒకరిని మంచినీళ్లకు పిలవాల్సి వచ్చింది.

తన పుస్తకం అవతలివాడి పుస్తకం కంటే ఒక్క రోజైనా ముందు రావాలని ఇద్దరి పట్టు. ఓనరమ్మ ఇద్దరికీ ఒకేరోజు ఇరవై ఐదేసి కాపీలు ఇస్తానంది. సరే, ఎడమ బల్ల మీద అడవి, కుడి బల్ల మీద టోపీ. మధ్యలో నడవ. నడవలో పాప పెట్టె.

పధ్నాలుగు నెలలొచ్చినా పాప నడవలేదు. అందరి పిల్లలూ పదకొండుకే నడిచారని వీధిలో అందరూ నాకు చెప్పేవారు, నాకు తెలియదన్నట్టు. ఆ రోజు పేరుస్తూ పేరుస్తూ చూస్తే పెట్టె పక్కకు ఒరిగి ఉంది, పాప లేదు. నడవలోకి పరుగెత్తాను. ఎడమ బల్ల చివర తొమ్మిదో ఫారాల కట్ట పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది. కట్ట వదిలేసింది. ఒకటి, రెండు, మూడు అడుగులు, నడవకు అడ్డంగా, తాగినవాడిలా. నాలుగో అడుగుకు కుడి బల్ల చివర ఉన్న తొమ్మిదో ఫారాల కట్టను కౌగిలించుకుని దాంతోపాటే కూలింది. ఎడమ కట్ట అంతకుముందే జారిపడింది. మామయ్య కత్తెర పడేసి చప్పట్లు కొట్టాడు. నేను ఏడ్చాను, నవ్వాను, పాపను ఎత్తి గిరగిరా తిప్పాను. కళ్లు తిరుగుతుండగానే కింద పడిన ఫారాలు పోగుచేసి బల్లల మీద పెట్టేశాను. మెట్లు చూసుకున్నాను. రెండు పుస్తకాలకూ మెట్లు చక్కగా దిగాయి. రెండూ ఒకే ప్రెస్సువి కదా, గళ్లు ఒకేచోట ఉంటాయి. అది అప్పుడు తట్టలేదు.

సాయంత్రానికి కుట్టడం, అట్ట, కత్తిరింపు అన్నీ అయ్యాయి. ఇరవై ఐదేసి కాపీలు ఇద్దరి ఇళ్లకూ వెళ్లిపోయాయి.

మర్నాడు ఊడుస్తుంటే టోపీ తాత బల్ల కింద ఒక తొమ్మిదో ఫారం దొరికింది, ఎక్కువ వేసినవాటిలోది. పారేయబోతూ మొదటి వరస చూశాను. 'కామ్రేడ్లకు' అని ఉంది. నేను ఏడో తరగతి మనిషినే, కానీ టోపీ తాత పుస్తకంలో కామ్రేడ్లు ఉంటే దొంగలుగానో శవాలుగానో ఉండాలి, ఆయన వాళ్లకు ఏదో చెబుతూ ఉండకూడదు. అప్పుడు చదివాను. పుట్టి బుద్ధెరిగాక నేను కుట్టిన కాగితం చదవడం అదే మొదలు.

టోపీ తాత నూట ఇరవై ఎనిమిదో పేజీ ఇలా ఆగుతుంది: 'తెల్లవారుతూనే వాన మొదలైంది. వంతెన కింద నిలబడ్డ నాకు మొదటిసారిగా'. అడవి తాత తొమ్మిదో ఫారం ఇలా మొదలవుతుంది: 'కాళ్లు వణికాయి. చలికి అని కామ్రేడ్లకు చెప్పాను. చలికి కాదు.' రెండూ అతుక్కుంటే దారప్పోగంత సందు కూడా లేదు. అటూ అంతే. అడవి తాత వాక్యం 'అవతలి ఒడ్డు వాళ్ల సంగతి తెలియదు, నాకు మాత్రం' అని ఆగితే, టోపీ తాత ఫారం 'ఆకలి అంటే ఏమిటో తెలిసింది' అని అందుకుంటుంది. ఇద్దరూ ఒకే వానలో, ఒకే వంతెనకు చెరో చివర తడిశారన్నమాట.

మామయ్యకు చూపించాను. ఆయన జిగురు చేతులతో తల పట్టుకున్నాడు, జుట్టు అలాగే నిలబడిపోయింది. ఓనరమ్మ బ్యాంకు నుంచి వచ్చేలోపు యాభై కాపీలూ వెనక్కి తెచ్చెయ్, తొమ్మిదో ఫారం విప్పి మార్చి కుడదాం అన్నాడు. పాపను చంకన వేసుకుని పరుగెత్తాను.

ముందు టోపీ తాత ఇంటికి. తలుపు తీసింది ఆయన భార్య. పుస్తకం ఆమె చేతిలోనే ఉంది, వేలు సరిగ్గా మధ్యలో పెట్టుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం కొత్తగా కడిగిన కిటికీలా ఉంది. నలభై ఏళ్ల కాపురంలో ఈయన నాకు భయమేసింది అని చెప్పడం ఇదే మొదటిసారి అని నాకు, ముక్కూ ముఖం తెలియనిదానికి, చెప్పింది. సిపాయిల్ని వెటకారానికి కామ్రేడ్లు అని పిలిచేవారట, నాకిప్పుడే తెలిసింది అని కూడా చెప్పి నవ్వింది. పాపకు బిస్కెట్టు ఇచ్చి, నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

టోపీ తాత నన్ను వరండా మూలకు లాక్కెళ్లాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు, అదీ మొదటిసారే.

"ఆ పదహారు పేజీలు నావి కావని నాకు తెలుసమ్మా. మా ఆవిడకు చెప్పకు."

"మార్చి కుట్టి ఇస్తాను తాతగారూ, సాయంత్రంలోగా."

"వద్దు. నూట నలభై ఐదో పేజీ నుంచి మళ్లీ బిగుసుకుపోయారేంటి అని అడుగుతోంది. పదో ఫారం కూడా అతనిదే వేసి కుట్టగలవా?"

నేను పాపను ఇంకో చంకకు మార్చుకున్నాను. బిస్కెట్టు ముక్క ఒకటి పాప నోట్లోంచి ఆయన బూటు మీద పడింది.

అక్కడి నుంచి అడవి తాత గదికి, మూడు అంతస్తులు, పాపతో. ఆయన భూతద్దం పెట్టుకుని చదువుతున్నాడు. పక్కనే ఎర్ర పెన్సిలు. నన్ను చూడగానే మొదలుపెట్టాడు. వంతెనకు ఏడు స్తంభాలు, టోపీ తాత ఎనిమిదని రాశాడట. ఆ రోజు గాలి పడమటి నుంచి వీచింది, తూర్పని రాశాడట. నేను తప్పు నాదేనని, కాపీలు ఇచ్చేయమని, లేకపోతే పాపను ప్రెస్సులో ఉండనివ్వరని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"వాడికి రాయడం రాదు తల్లీ," అన్నాడు ఆయన. "వాక్యం మొదలుపెడితే రిటైరయ్యేదాకా ఆపడు. అది సరే. ఆ వారమే వాడికి కూతురు పుట్టిందట, ఏం పేరు పెట్టారో కూడా తెలియకుండా వానలో నిలబడ్డాడట. తర్వాత చూడ్డానికి వెళ్లాడా లేదా?"

"నాకేం తెలుసు తాతగారూ?"

"పదో ఫారంలో ఉంటుంది. తీసుకురా. అప్పుడు ఆలోచిద్దాం."

ఉత్తి చేతులతో తిరిగి వచ్చాను. జరిగింది వినగానే మామయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "తప్పు దిద్దుకురమ్మని పంపితే ఇంకో రెండు తప్పులకు ఆర్డరు పట్టుకొచ్చావా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. భయంతో వచ్చే నవ్వు ఉంటుంది చూడండి, కడుపు నొప్పి పుట్టేదాకా పోదు. మామయ్యకూ అంటుకుంది. మమ్మల్ని చూసి పాప కూడా పడీ పడీ నవ్వింది. అట్టపెట్టె కూడా ఊగింది.

అంతలో కింద నుంచి ఓనరమ్మ గొంతు. ఇద్దరు తాతలూ పదో ఫారం కోసం వచ్చారు, ఒకే గంటలో, ఒకే గదిలోకి. ఈసారి గోడ వైపు తిరగలేదు. నేను పాపను ఎత్తుకుని మెట్లు దిగేసరికి స్తంభాలు ఏడా, ఎనిమిదా అన్న దగ్గర ఉన్నారు. ఒడ్డు మీదున్నది లెక్కలోకి రాదని ఒకరు, వంతెన దానిమీద నిలబడితే ఎందుకు రాదని ఒకరు. ఓనరమ్మ వాళ్ల చేతుల్లోని రెండు పుస్తకాలూ తీసుకుని తెరిచి తొమ్మిదో ఫారం పక్కపక్కన పెట్టి చూసింది. ఆమెకు చెప్పాల్సిన పనిలేదు, పుట్టడమే ప్రెస్సులో పుట్టింది.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే అలా కుట్టమన్నాను," అన్నాడు టోపీ తాత.

"నేనే చెప్పాను అలా కుట్టమని," అన్నాడు అడవి తాత, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్లు ఒకరినొకరు వెతుక్కుని దొరకనివాళ్లు, ఒకే అబద్ధంలో ఇలా దొరికిపోయారు. ఓనరమ్మ వాళ్లను చూసింది, నన్ను చూసింది, నా చంకలో బిస్కెట్టు పిండి పూసుకున్న పాపను చూసింది.

"ఇన్నేళ్లుగా మాట్లాడుకోనివాళ్లు కలిసి ఒకే ఆర్డరు ఇచ్చారంటే నేను నమ్మాలా? ఈ పని చేసినదానికి ఇంకా పళ్లు కూడా పూర్తిగా రాలేదు." ఆమె పుస్తకాలు మూసింది. "మాట మాటే. పిల్ల ఇక బల్లల దగ్గర ఉండటానికి వీల్లేదు."

నా కాళ్లు వణికాయి. చలికి కాదు.

అప్పుడు అడవి తాత గొంతు సవరించుకున్నాడు. తను ఎలాగూ రేపటి నుంచి రోజూ వచ్చి అవతలివాడి పుస్తకంలో తప్పులు దిద్దాలి, రెండో ముద్రణకైనా పనికొస్తుంది, పిల్ల ముందు గదిలో తన పక్కన ఆడుకుంటుంది అన్నాడు. టోపీ తాత ఊరుకుంటాడా? అతను నా పుస్తకం దిద్దుతుంటే నేను ఇంట్లో కూర్చుంటానా, నేనూ వస్తాను, పిల్లను అతని ఒక్కడి చేతిలో పెట్టడం మంచిది కాదు, బడికి వెళ్లే వయసు రాకముందే కొండెక్కిస్తాడు అన్నాడు. బడి మొహం చూడకముందే సెల్యూట్ నేర్పేవాడికంటే నయమే అన్నాడు అడవి తాత. ఓనరమ్మ చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది. ముందు గదిలో, పిల్ల ఏడుపు నాకు వినబడనంతకాలం, అంది.

ఇవాళ మొదటి రోజు. నేను మేడ మీద ఉన్నాను. పాప కింద ఉంది, నా కంటికి కనబడనిచోట, ఇద్దరు ముసలి శత్రువుల మధ్య. పేర్చవలసింది పేర్చేశాను, మెట్లే కాదు, ప్రతి ఫారం మొదటి వరస కూడా చదివి చూశాను. భోజనం విరామంలో చెడిపోయిన ఫారం వెనక ఇది రాస్తున్నాను. ఓనరమ్మ చూస్తే కాగితం గురించి అంటుంది. దిగి చూడనా అని మూడుసార్లు లేచాను. కనబడితే నన్ను పట్టుకుని ఏడుస్తుంది, ఏడిస్తే ఓనరమ్మకు వినబడుతుంది, కదలకు అని మామయ్య మూడుసార్లు కూర్చోబెట్టాడు. ఇంతసేపూ స్తంభాల గొడవ వినబడుతూనే ఉంది, నాకు ధైర్యంగా ఉంది. పావుగంట నుంచి ఏమీ వినబడటం లేదు. ఏడుపు లేదు, గొడవ లేదు, భూతద్దం బల్లకు తగిలిన చప్పుడు కూడా లేదు.

మీరు ఆ పుస్తకాల కోసం ప్రెస్సుకు వస్తే, పైకి రాకముందు ముందు గదిలోకి ఒకసారి తొంగిచూడండి. పాప పసుపు గౌను వేసుకుని ఉంటుంది. నిద్రపోతోందా, ఎవరి ఒళ్లో ఉంది, కాలికి చెప్పు ఉందా చూసి నాకు చెప్పండి. నేను పంపానని మాత్రం వాళ్లతో అనకండి.