ముందు సీటు

కుట్లు పడ్డది నా నుదుటికి. పరామర్శలు మాత్రం మా ఆయనకి. వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టి అందిస్తున్నది మళ్ళీ నేనే. వంగినప్పుడల్లా కట్టు కింద నరం జివ్వుమంటోంది. కప్పు తీసుకున్నవాళ్ళు ఒక్క క్షణం నా తల వంక చూసి, వెంటనే ఆయన వైపు తిరిగి, "పాపం, ఎంత ప్రాణంగా చూసుకున్న విమానం!" అంటున్నారు.

"ఏం చేస్తాం, ఈవిడ కంగారుపడి పెడల్ తొక్కేసింది," అంటున్నారాయన. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు కాస్త తడబడ్డారు. ఇప్పుడు చక్కెర ఇంకొంచెం వెయ్యమని అడిగే గొంతుతోనే అనేస్తున్నారు.

"నేను ముందే మొత్తుకున్నాను, ఆడదాన్ని ఎక్కించకురా అని," అంది అత్తయ్య. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. మా ఇంట్లో కొడుకు కొట్టిన కుండ కూడా కోడలి నెత్తినే పగులుతుంది.

ఆ విమానం అత్తయ్య కంటే వయసులో పెద్దది. ఇనుప గొట్టాలు, చెక్క, పైన బిగించి కుట్టిన గుడ్డ. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, నడిపేవాళ్ళు వెనక కూర్చుంటారు. తోక కింద బుల్లి చక్రం. అందుకే నేలకు దిగాక కూడా, పూర్తిగా ఆగేదాకా, కాళ్ళతో పెడళ్ళు ఆడిస్తూ తోకని దారిలో పెడుతూనే ఉండాలి. ఎగిరేది ఆయన. దాని పొట్టకి అంటిన నూనె తుడిచేది, సీట్ల కింద మట్టి ఊడ్చేది, చిరిగిన రెక్కకి గుడ్డ కుట్టేది నేను. "మా ఆవిడకి సరదా," అని చెబుతారు స్నేహితులకి. సరదాగా ఒక్కసారి మీరూ తుడవండి మరి, అనాలనిపించేది. అనలేదు.

ఆ రోజు ముందు సీటులో నేను, వెనక ఆయన. గాలి ఎడమ నుంచి తోస్తోంది. చక్రాలు నేలని తాకాయి. కంచె దగ్గర అత్తయ్య చెయ్యి ఊపింది. నా చెంప పక్కనుంచి ఆయన చెయ్యి బయటికొచ్చి ఊగింది. "అమ్మా!" అని ఆయన కేక. పొయ్యి మీద పాలు పెట్టి పేపరు పట్టుకునే మనిషి, చేతికి పని దొరికితే కాళ్ళని మరిచిపోతారు. తోక గిర్రున తిరిగింది. విమానం ఎడమకి మళ్ళింది, కుడి రెక్క నేలని గీరుకుంటూ పోయింది, నా నుదురు ముందున్న ఇనుప గొట్టానికి కొట్టుకుంది. ఆగాక వెనకనుంచి వచ్చిన మొదటి మాట: "ఏం తొక్కావ్?"

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వచ్చారు. "రేపు విచారణకి అధికారి వస్తాడు. అడిగితే అవునను. నా లైసెన్సు మీదికొస్తుంది. నీకేం పోతుంది? నీకు లైసెన్సా పాడా."

నాకేం పోతుందో నాకు తెలుసు. అవునంటే మళ్ళీ నన్ను ఏ విమానంలోనూ కాలు పెట్టనివ్వరు. పెళ్ళైన కొత్తలో ఆయనే నేర్పారు. ఒక సాయంత్రం ముందు సీటులోంచి నేనే దింపాను, దిగినట్టే తెలియలేదు. షెడ్డులో మెకానిక్ చప్పట్లు కొట్టి, "మీకంటే బాగా దింపారు సార్!" అన్నాడు. ఇంటికి వచ్చాక ఆయన, "ముందు సీటు పెడళ్ళు విప్పి పారెయ్. కాళ్ళు ముడుచుకుని కూర్చో, చాలు," అన్నారు. మర్నాడు మెకానిక్ పక్కన నిలబడితే నేనే విప్పాను. పారెయ్యలేదు. చెప్పేసిన పని ఆయన అక్కడే మరిచిపోతారు, అయిందో లేదో ఏనాడూ వంగి చూడలేదు. నా సీటు కింద ఏముందో చీపురు పట్టిన నాకే తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నారట, ఇక్కడ అసలు మద్దెలే లేదు.

ఆ మాట వంటింట్లోనే అనచ్చు. అంటే పొద్దుటికి ఇంకో కథ అల్లుకుంటారు. కప్పులు కడిగాను.

మర్నాడు షెడ్డులో అధికారి మర్యాదగానే అడిగాడు. "విమానం ఎడమకి తిరిగింది. ఏ పెడల్ తొక్కారమ్మా?"

"ఎడమదేనండీ," నా బదులు ఆయనే చెప్పారు. "నా కళ్ళతో చూశాను."

నేను సంచీలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద విప్పాను. రెండు పెడళ్ళు. ఎన్నేళ్ళుగానో మా వంటింటి అటక మీద ఉన్నవి, అయినా తుప్పు పట్టలేదు, అప్పుడప్పుడూ నూనె రాస్తూనే ఉన్నాను.

"ముందు సీటువి ఇవే. ఆయనే తీయించారు. ఎడమది ఏదో ఆయన్నే చూపించమనండి."

అధికారి టార్చి పట్టుకుని వెళ్ళి ముందు సీటు కింద తొంగి చూశాడు. మెకానిక్‌ని పిలిచి చూపించాడు. మెకానిక్ తల ఊపాడు. మా ఆయన నా పక్కకి వచ్చారు.

"ఇంటికి పద, మాట్లాడదాం," అన్నారు పళ్ళ బిగువున. తర్వాత చిరిగిన రెక్క వంక చూసి, గొంతు తగ్గించి, "ఇది కుట్టాలి కదా," అన్నారు.

"కుడతాను," అన్నాను. "కుట్టాక వెనక సీటు నాది. ముందు మీరు కూర్చోండి, కాళ్ళు ముడుచుకుని."